పాట ఎత్తుకోండి, అడుగు అదే వస్తుంది



వినాయక చవితి దాటిందంటే చాలు, అమెరికాలో మన తెలుగు ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. బతుకమ్మ ఏ శనివారం పెట్టుకుందాం? స్కూలు హాలు దొరికిందా? బంతిపూలు ఎవరు తెస్తున్నారు? వీటన్నిటి మధ్య ఒక ప్రశ్న మాత్రం ప్రతి ఏడూ నా దగ్గరికి వస్తుంది. "అక్కా, నాకు బతుకమ్మ ఆడటం రాదు. మంచి వీడియో ఉంటే పంపండి, స్టెప్పులు నేర్చుకుంటాను." హైదరాబాదులో అపార్టుమెంట్లలో పెరిగిన అమ్మాయిలు అడుగుతారు. గుంటూరు నుంచి, విశాఖ నుంచి వచ్చిన చెల్లెళ్లు అడుగుతారు. ఇక్కడే పుట్టిన పిల్లల తల్లులు అడుగుతారు.

ఈ పూట నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబే. జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత వివరిస్తాను. స్టెప్పుల కోసం వెతకకండి. ఒక్క పాట నేర్చుకోండి. నోటికి పాట వస్తే కాలికి అడుగు వస్తుంది.

అసలు ఆ ఆటలో ఏముందో ఒకసారి చూద్దాం. నడుమ బతుకమ్మ ఉంటుంది. సిబ్బిలోనో తాంబాలంలోనో పూలు వరుసలు వరుసలుగా పేరుస్తారు. తంగేడు, గునుగు, బంతి, చామంతి. పైన పసుపు గౌరమ్మ. చుట్టూ ఆడవాళ్లు గుండ్రంగా నిలబడతారు. పక్కకు ఒక అడుగు వేస్తారు. కాస్త వంగి చప్పట్లు చరుస్తారు. లేచి నిలబడుతూ మళ్లీ చరుస్తారు. ఇంకో అడుగు. మళ్లీ వంగడం, మళ్లీ లేవడం. వలయం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. మొదటి రోజు ఇంతకన్నా ఎక్కువ ఎవరికీ అక్కర్లేదు. ఒక ఊళ్లో ఒకసారి చరుస్తారు, ఇంకో ఊళ్లో రెండుసార్లు, మరో చోట మూడుసార్లు. ఊరికో తీరు, వాడకో తీరు. ఇందులో సరైన స్టెప్పు ఏదని నన్ను అడిగితే, మీ పక్కనున్న ఆవిడ వేస్తున్నదే సరైనది అంటాను.

ఇక పాట సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, కిటుకంతా ఇందులోనే ఉంది.

బతుకమ్మ పాట అందరూ కలిసి ఒకేసారి పాడేది కాదు. ఒకరు పాట ఎత్తుకుంటారు. మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకున్నామె ఒక ముక్క పాడుతుంది. ఆ ముక్క చివర ఒక మాట వస్తుంది. కొన్ని పాటల్లో అది ఉయ్యాలో. కొన్నింట్లో చందమామ. కొన్నింట్లో వలలో. ఇంకొన్నింట్లో కోల్ అనో, గౌరమ్మ అనో వస్తుంది. ఆమె పాడిన ముక్కనే వలయంలో ఉన్నవాళ్లంతా తిరిగి పాడతారు. ఆమె ఇంకో ముక్క అంటుంది. చివర మళ్లీ అదే మాట. కథ ముందుకు పోతూ ఉంటుంది, ఆ ఒక్క మాట మాత్రం మారదు.

ఆ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. మొదటిది, కాలికి దారి చూపిస్తుంది. ముక్క మొదలైనప్పుడు వంగుతాం, ఉయ్యాలో అనేసరికి లేస్తాం. మా వైపు ఆట అలాగే సాగుతుంది. లెక్క పెట్టుకోనక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మనసులో అనుకుంటూ ఆడితే ఆ లెక్క ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఉయ్యాలో అంటూ ఆడితే తప్పదు, ఎందుకంటే ఆ మాట పలకడానికి పట్టే సేపే లేచి నిలబడడానికీ పడుతుంది.

రెండో పని ఇంకా గొప్పది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట చోటిస్తుంది. మీకు పాట రాదు. కథ తెలియదు. కొన్ని మాటలకు అర్థం కూడా తెలియదు. అయినా ఉయ్యాలో అనగలరు కదా? అది అంటే చాలు, మీరు పాడేవాళ్లలో ఒకరు. పది ముక్కలు గడిచేసరికి ఎత్తుకున్నామె వెనకాలే సగం ముక్క మీ నోట్లోకి వస్తుంది. ఈ పాట కట్టినవాళ్లు ఎవరో మనకు తెలియదు. ఎవరైనా సరే, రేపు కొత్త కోడలు వస్తుంది, పొరుగూరి చుట్టం వస్తుంది, నాలుగేళ్ల పిల్ల వస్తుంది, వాళ్లంతా కలవాలి అని ఆలోచించి కట్టినట్టుంది.

జొన్నరొట్టె తట్టడం వచ్చినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. ఏ వేలు ఎక్కడ పెట్టాలో ఎవరూ వాళ్లకు చెప్పలేదు. అమ్మ పక్కన కూర్చుంటే ఆ తపతపమనే చప్పుడు చెవిలో పడింది. చప్పుడు చెవికి పట్టాక చేయి దాని వెంట పోయింది. బతుకమ్మ ఆట కూడా అంతే. చెవిలోంచి కాలికి దిగుతుంది.

వీడియోతో ఇబ్బంది ఇక్కడే వస్తుంది. వీడియో పెట్టుకున్న మనిషి కాళ్లు చూస్తుంది. తెర మీద కాళ్లు, తన కాళ్లు, మళ్లీ తెర మీద కాళ్లు. పాట చెవిలోకి పోనేపోదు. స్టెప్పు అయితే వస్తుంది. హాలుకు వెళ్లాక వేరే పాట మోగుతుంది. అప్పుడు నేర్చుకున్న స్టెప్పు దీనికి అతకదు.

కోస్తా నుంచి, రాయలసీమ నుంచి వచ్చిన చెల్లెళ్లకు ఒక మాట. ఇది మాకు తెలియని పండుగ అని మీరు పక్కన నిలబడతారు. చిన్నప్పుడు సంక్రాంతి నెలలో మీరు గొబ్బి తట్టలేదా? ఆవుపేడతో చేసిన గొబ్బెమ్మను నడుమ పెట్టి, గుమ్మడిపూలు గుచ్చి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టలేదా? అక్కడ కూడా ఒకరు అంటే మిగతావాళ్లు గొబ్బిళ్లో అని అందుకోవడమే. నడుమ పూలు, చుట్టూ ఆడపిల్లలు, చివర తిరిగి తిరిగి వచ్చే ఒక్క మాట. మీ చేతులకు ఈ ఆట వచ్చు. పాట ఒక్కటే కొత్తది. కోలాటం నేర్చుకున్నవాళ్లకైతే ఇంకా తేలిక. కోలాటం నడిపించే కోలన్న పంతులు కోపు, అంటే ఆట తీరు, మార్చేది కూడా పాట నడకను బట్టే కదా.

మా న్యూజెర్సీలో ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఎడిసన్ చుట్టుపక్కల గుజరాతీలు ఎక్కువ. నవరాత్రుల్లో వాళ్ల గర్బాకు మన పిల్లలు కూడా వెళ్తారు. గర్బాలో నడుమ దీపమో అమ్మవారో ఉంటుంది, చుట్టూ వలయం ఉంటుంది. రెండు చప్పట్ల ఆటను వాళ్లు బే తాళీ అంటారు, మూడు చప్పట్ల ఆటను త్రణ్ తాళీ అంటారు. గుజరాత్ గర్బాను 2023లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. నవరాత్రులకు ముందే వాళ్లు పిల్లలకు నేర్పిస్తారు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంటే అది ఇదే. పండుగ రోజున నేర్చుకోవడం కుదరదు, ముందే మొదలుపెట్టాలి.

మనకూ అలాంటి ఏర్పాటు ఉండేది. దాని పేరు బొడ్డెమ్మ.

తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు. భాద్రపద బహుళ పంచమి నాడు బొడ్డెమ్మ మొదలవుతుంది. పుట్టమన్ను తెచ్చి, మెట్లు మెట్లుగా చిన్న గద్దె కట్టి, అలికి, ముగ్గు పెట్టి, పూలు పెడతారు. పెళ్లికాని ఆడపిల్లలు సాయంత్రం పూట దాని చుట్టూ ఆడతారు. తొమ్మిది రోజులు. మహాలయ అమావాస్య, అదే పెత్రమాస వచ్చేసరికి బొడ్డెమ్మ ముగుస్తుంది. ఆ అమావాస్య నాడే ఎంగిలిపూల బతుకమ్మతో పెద్ద పండుగ మొదలవుతుంది. 2025లో అది సెప్టెంబర్ 21న వచ్చింది. అక్కడి నుంచి మళ్లీ తొమ్మిది రోజులు. చివరిది సద్దుల బతుకమ్మ.

ఈ వరుస గమనించండి. ముందు తొమ్మిది సాయంత్రాలు చిన్నపిల్లలవి. తర్వాత తొమ్మిది రోజులు అందరివీ. బొడ్డెమ్మ దగ్గర నాలుగు పాటలు నోటికి వచ్చిన పిల్ల బతుకమ్మ వలయంలోకి ధైర్యంగా వచ్చి నిలబడేది. బొడ్డెమ్మ ఆటకు బడి. పలకా లేదు, పంతులమ్మా లేదు. అక్కలు పాడేవాళ్లు, చెల్లెళ్లు అందుకునేవాళ్లు. మనం సముద్రం దాటి వచ్చేటప్పుడు బతుకమ్మను తెచ్చుకున్నాం. బొడ్డెమ్మను మాత్రం ఊళ్లోనే వదిలేసి వచ్చాం. పిల్లలకు ఆట రావడం లేదని ఇప్పుడు బాధపడుతున్నాం.

అందుకే నేను మీకు చెప్పే ఉపాయం ఇది. బతుకమ్మకు ముందు వచ్చే రోజుల్లో బొడ్డెమ్మ సాయంత్రాలు పెట్టుకోండి. మీ ఇంట్లో, మీ గ్యారేజీలో, మీ బేస్‌మెంటులో. పదిమంది చాలు. తొమ్మిది సాయంత్రాలు కుదిరితే మంచిదే. ఉద్యోగాలు, పిల్లల ఈత క్లాసులు, హోంవర్కులు నాకూ తెలుసు. మూడు సాయంత్రాలు కుదిరినా చాలు. షరతు ఒక్కటే. స్పీకరు వద్దు. ఫోనులో పాట పెట్టొద్దు. మనుషులే పాడాలి.

మొదటి సాయంత్రం అసలు లేవకండి. కింద చాప పరుచుకుని గుండ్రంగా కూర్చోండి. పాటలో ఉన్న కథ ముందు చెప్పండి. పిల్లలకు ఇంగ్లీషులో చెప్పినా పర్వాలేదు. ధర్మాంగదుడనే రాజు, సత్యవతి అనే రాణి. నూరుగురు కొడుకులు పోయారు. లక్ష్మీదేవిని వేడుకుంటే ఆడబిడ్డ పుట్టింది. మునులు వచ్చి బతుకు అమ్మా అని దీవించారు. ఈ కథ వింటే ఏడెనిమిదేళ్ల పిల్ల కూడా ఊరుకోదు, తర్వాత ఏమైందని అడుగుతుంది. అలా అడిగిందంటే పాట వినడానికి సిద్ధంగా ఉన్నట్టే. అప్పుడు పాట ఎత్తుకోండి. పిల్లలను చివరి మాట మాత్రమే అనమనండి.

రెండో సాయంత్రం కూడా కూర్చునే ఉండండి. పాటకు చప్పట్లు కలపండి. ఈసారి పిల్లలు ముక్క మొత్తం తిరిగి పాడాలి. మాటలు గుర్తుండకపోతే కాగితం మీద రాసివ్వండి. తెలుగు చదవడం రాని పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ మూడో సాయంత్రం కాగితం వదిలేయాలి, ఎందుకంటే చేతిలో కాగితం ఉంటే చప్పట్లు కొట్టలేం. ఆ మూడో సాయంత్రమే లేచి నిలబడతారు. అప్పటికి పాట నోట్లో ఉంటుంది, చప్పట్లు చేతిలో ఉంటాయి. ఇక మిగిలింది పక్కకు అడుగు వేయడమే. చూస్తూ ఉండండి, ఎవరూ నేర్పకుండానే వేస్తారు.

పోయిన ఏడు మా వీధిలో ఒక గ్యారేజీలో ఇలాగే కలిశాం. కారు బయట పెట్టి, నడుమ స్టూలు మీద చిన్న బతుకమ్మను పెట్టుకున్నాం. జనగామ వైపు నుంచి ఒక పెద్దామె వచ్చి ఉన్నారు, కూతురి కాన్పు కోసం. గుంటూరు వాళ్ల అమ్మాయి ఒకతి, తొమ్మిదేళ్లది, తల వంచుకుని తన కాళ్లే చూసుకుంటూ నిలబడింది. అడుగు తప్పుతానేమోనని బిగుసుకుపోయింది. పెద్దామె పాట ఆపి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని తల పైకెత్తారు. "కాళ్ల దిక్కు సూడకు బిడ్డా. నా మొఖం దిక్కు సూడు. నేను అన్నది అను, గంతే." "నాకు తెలుగు సరిగా రాదు అమ్మమ్మా" అంది పిల్ల. "రాకుంటేంది? ఉయ్యాలో అను." పిల్ల ఉయ్యాలో అంది. మొదట నోట్లోనే అంది. నాలుగోసారి వినిపించేలా అంది. కాసేపటికి చూస్తే ఆమె కాళ్లు అందరితో పాటే కదులుతున్నాయి. కదులుతున్నాయన్న సంగతి ఆ పిల్లకే తెలియదు.

పాట వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పరీక్షలేమీ పెట్టొద్దు. స్కూలుకు తీసుకెళ్తున్నప్పుడు కారు వెనక సీట్లో పిల్ల తనంతట తాను పాడుకుంటుంటే, వచ్చినట్టే.

పాట ఎవరు ఎత్తుకోవాలి అని మీరు అడగొచ్చు. మన ఇళ్లలోనే ఉన్నారు. ఆరు నెలల విజిట్ మీద వచ్చిన అమ్మలు, అత్తమ్మలు. వాళ్లకు కారు నడపడం రాదు. చలికి బయటికి వెళ్లరు. మనం ఆఫీసుకు పోతే కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు. బతుకమ్మ రోజున మంచి పట్టుచీర కట్టించి హాలుకు తీసుకొస్తాం, గోడ పక్కన కుర్చీలో కూర్చోబెడతాం. నడుమ డీజే మోగుతుంటుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఎన్ని పాటలు వచ్చో మనకు తెలుసా? రామాయణం పాటలు, గౌరమ్మ పాటలు, అత్తింటికి పోయిన ఆడపిల్ల పాటలు, అన్న కోసం ఎదురుచూసే చెల్లెలి పాటలు. ఆమె నోటిలో అవి భద్రంగా ఉన్నాయి. ఆమెను కుర్చీలోంచి లేపి వలయంలో నిలబెట్టండి. నిలబడలేకపోతే కుర్చీనే వలయంలోకి తెచ్చుకోండి. పాట ఎత్తుకోవడానికి మోకాళ్లతో పని లేదు.

ఆమె ఇంట్లో పాడేటప్పుడు, అడిగి, ఫోను పక్కన పెట్టి రికార్డు చేసుకోండి. ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊళ్లో పాడేవాళ్లు అని అడగండి. పాట రాసుకున్న కాగితం పైన ఆ ఊరి పేరు రాయండి. అదే పాట యూట్యూబులో ఇంకో తీరుగా దొరుకుతుంది. దాన్ని చూసి అమ్మ పాటను దిద్దకండి. అమ్మ పాడినదే మీ ఇంటి పాట.

ఇప్పుడు డీజే సంగతి చెప్పాలి. కార్యక్రమాలు నిర్వహించే అన్నలు, అక్కలు నా మాట చెవిన వేసుకోవాలి. మీ కష్టం నాకు తెలుసు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2010 నుంచి 2017 లోపల 86 శాతం పెరిగారని ఇక్కడి జనగణన సంస్థ లెక్కల మీద వచ్చిన విశ్లేషణ చెప్పింది. 2014లో తెలంగాణ వచ్చింది. ఆ ఏడే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఒకప్పుడు ఒకరి ఇంటి వెనక పెరట్లో ఆడుకున్న ఆట ఇప్పుడు పెద్ద హాళ్లకు చేరింది. వందలమంది వస్తే ఒక గొంతు అందరికీ వినిపించదు. అందుకే స్పీకరు వచ్చింది. ఎవరూ కావాలని పాటను పక్కకు నెట్టలేదు.

కానీ స్పీకరు వచ్చాక ఏం జరిగిందో చూడండి. పాట ఎత్తుకున్న మనిషికి మధ్యలో ఊపిరి కావాలి. ఆమె ఊపిరి తీసుకునేటప్పుడు మిగతావాళ్లు పాడతారు. అందుకే ఆట ఒక నిదానంలో ఉంటుంది. ఎవరైనా వెనకబడితే ఆమెకు కనిపిస్తుంది, పాట కాస్త సాగదీస్తుంది. స్పీకరుకు ఊపిరి అక్కర్లేదు. వెనకబడినవాళ్లు దానికి కనిపించరు. పైగా ఈ మధ్య వచ్చే రికార్డుల్లో దరువు వేగం ఎక్కువ. వేగం పెరిగితే వలయంలోంచి ముందు బయటికి వచ్చేది పెద్దవాళ్లు. తర్వాత చిన్నపిల్లలు. కొంతసేపటికి నడి వయసు వాళ్లు, పడుచు పిల్లలు మాత్రమే మిగులుతారు. తొంభై ఏళ్ల అవ్వ నుంచి నాలుగేళ్ల పిల్ల దాకా ఒకే వలయంలో ఆడగలిగిన ఆట కొందరి ఆట అయిపోతుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

నేను డీజే మొత్తం మానేయమనడం లేదు. ఒక్క గంట ఇవ్వండి. హాలు తలుపులు తెరవగానే మొదటి గంట స్పీకరు ఆపండి. ఇరవైమంది చొప్పున చిన్న చిన్న వలయాలు కట్టించండి. ఒక్కో వలయానికి పాట ఎత్తుకునే మనిషిని ముందే అడిగి పెట్టుకోండి. ఒక మూల ఒక పాట, ఇంకో మూల ఇంకో పాట. గోల అవుతుందని భయపడకండి. చెరువు కట్ట మీద ఎలా ఉండేది? ఒక్కో వాడ వాళ్లు ఒక్కో చోట బతుకమ్మలు పెట్టుకుని వేరువేరు పాటలు పాడుకునేవాళ్లు. ఎవరి పాట వాళ్లకు వినిపించేది. మన చెవి మన వలయంలోని గొంతునే పట్టుకుంటుంది. ఆ గంట గడిచాక మీ డీజే మీరు పెట్టుకోండి.

ఇంత దూరం వచ్చాక పాట నిలుస్తుందా అని కొందరు నిరాశగా మాట్లాడతారు. వాళ్లకు మారిషస్ సంగతి చెబుతాను. 19వ శతాబ్దంలో మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి ఆ దీవికి పోయారు. వాళ్ల మనవలకు, మునిమనవలకు ఇంట్లో మాట్లాడే భాష ఎక్కువగా క్రియోల్. అయినా ఈరోజుకూ వాళ్లు దీపం చుట్టూ చేరి తెలుగులో రామభజన చేస్తున్నారు. ఆ రోజుల్లో వాళ్లకు ఫోన్లు లేవు, విమానాలు లేవు, ఊరి నుంచి ఏటేటా వచ్చి పోయే అమ్మమ్మలు లేరు. మాట్లాడే తెలుగు చాలా ఇళ్లలో జారిపోయినా, పాడే తెలుగు మిగిలింది. గుంపుగా కలిసి, ఒకరు అంటే పదిమంది అందుకుంటూ పాడినందువల్లనే అది మిగిలిందని నా నమ్మకం. మనకు వాళ్లకన్నా ఎన్నో సదుపాయాలున్నాయి.

మన పిల్లల తెలుగు గురించి కూడా ఇదే నా మాట. తెలుగు వస్తేగాని బతుకమ్మ పాట రాదని కూర్చోవద్దు. పాటతోనే తెలుగు మొదలుపెట్టొచ్చు. అదే ముక్కను వందసార్లు అన్నాక మాట నోటికి అలవాటవుతుంది. అర్థం ఆ తర్వాత అడుగుతారు, అప్పుడు చెబుదాం.

పిల్లలకు నచ్చే ఇంకో సంగతి ఉంది. బతుకమ్మ పాటకు కొత్త ముక్కలు కలుపుకోవచ్చు. ఊళ్లో పాట ఎత్తుకునే ఆడవాళ్లు ఎదురుగా ఉన్నవాళ్ల పేర్లు పెట్టి, ఆ ఏడు కురిసిన వానను పెట్టి, చెరువును పెట్టి అప్పటికప్పుడు ముక్కలు కట్టేవాళ్లు. తెలంగాణ ఉద్యమం నాడు ఉద్యమం మాటలు కూడా ఈ బాణీల్లోకి వచ్చాయి. చివరి మాట మాత్రం అలాగే ఉంచేవాళ్లు. మన పిల్లలూ కట్టగలరు. వాళ్ల పెరట్లో పూసిన పువ్వు పేరు, వాళ్ల స్నేహితురాలి పేరు, ఆకులు రంగు మారిన చెట్టు. ఒక్క ముక్క కట్టమనండి. చివర ఉయ్యాలో అనమనండి. తాను కట్టిన ముక్కను ఇరవైమంది పెద్దవాళ్లు తిరిగి పాడితే ఆ పిల్ల మళ్లీ ఏడు రమ్మని పిలవకుండానే వస్తుంది.

పూల గురించి ఒక చిన్న మాట చెప్పి ముగిస్తాను. ఇక్కడి చలికి తంగేడు బతకదు. దాని చోట పసుపు చామంతి పెడుతున్నారు, మంచిదే. గునుగు మాత్రం పెంచుకోవచ్చు. ఇక్కడి నర్సరీల్లో సెలోషియా అనే పేరుతో దొరుకుతుంది. మే నెలలో మంచు భయం పోయాక గింజలు వేస్తే సెప్టెంబరుకు పూస్తుంది. బంతి కూడా అంతే. పూలు కోసుకురావడం ఊళ్లో మగవాళ్ల పని. ఇక్కడ కూడా ఆ పని వాళ్లకే అప్పగించండి. బతుకమ్మను సాగనంపడానికి చెరువులో వేయాలంటే పార్కు వాళ్ల అనుమతి ముందే అడగండి. ఇవ్వకపోతే తొట్టిలో నీళ్లు నింపుకోండి, గౌరమ్మకు ఏ లోటూ ఉండదు.

శ్రోతలారా, ఈ రాత్రి ఇండియాకు ఒక ఫోను చేయండి. అక్కడ తెల్లవారి ఉంటుంది. అమ్మనో, అత్తమ్మనో, మేనత్తనో అడగండి, మీకు బాగా వచ్చిన బతుకమ్మ పాట ఒక్కటి పాడండి అని. రాసుకోండి. ఒక్క పాట చాలు. వచ్చే ఆదివారం సాయంత్రం ఇరుగుపొరుగు నలుగురిని పిలిచి, పిల్లలను చాప మీద కూర్చోబెట్టి, ఆ పాట మీరే ఎత్తుకోండి. గొంతు బాగుండదని వెనకాడకండి. అందుకోవడానికి పక్కన మనుషులున్నారు.